ఆ పాతిక శాతం టిక్కెట్లు బుకింగ్ కిటికీకే వదలండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రివర్యులు
శ్రీ కందుల దుర్గేష్ గారికి,



నేను కృష్ణా జిల్లాలో ఒక మునిసిపల్ పట్నంలో, ఒకే తెర ఉన్న సినిమా హాల్లో బుకింగ్ క్లర్కుని. చేరిన కొత్తలో ఆడవాళ్ల బుకింగ్‌లో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆడా మగా అందరికీ ఒకటే కిటికీ. అందులో నేనొక్కదాన్నే. టిక్కెట్టు రేట్ల సంగతి వచ్చినప్పుడల్లా నిర్మాతలు మిమ్మల్ని కలుస్తారు. డిస్ట్రిబ్యూటర్లు కలుస్తారు. హాళ్ల యజమానులు కలుస్తారు. ఆ టిక్కెట్టు చింపి జనం చేతిలో పెట్టే మనిషి మాత్రం మీ గది దాకా వచ్చి ఉండదు. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. 2022 మార్చి 7న ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ప్రకారం ప్రతి హాల్లోనూ పాతిక శాతం సీట్లు నాన్ ప్రీమియం (కింది క్లాసు) తరగతి కింద ఉండాలి. ఆ పాతిక శాతాన్ని ఆన్‌లైన్‌లో పెట్టకుండా, ఎంత పెద్ద సినిమా వచ్చినా రేటు పెంచకుండా, ఆట రోజున హాలు దగ్గర బుకింగ్‌లోనే అమ్మాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి. కొత్త చట్టం చెయ్యనక్కర్లేదు. సీట్లు మీ ప్రభుత్వ పుస్తకంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఎక్కడ అమ్మాలో, ఎంతకు అమ్మాలో ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

ఇది ఎందుకు అడుగుతున్నానో మీకు అర్థం కావాలంటే కిటికీ ఇవతల ఏం జరుగుతుందో చెప్పాలి.

ఆటకు అరగంట ముందు బుకింగ్ తెరుస్తాం. అంతకంటే ముందే నేను సొరుగులో చిల్లర సర్దుకుని, ఒక్కో క్లాసు టిక్కెట్టు ఏ నెంబరుతో మొదలవుతోందో కాగితం మీద వేసుకుంటాను. బుకింగ్ మూసేశాక ఆఖరి నెంబరు వేస్తాను. మొదటి నెంబరుకీ ఆఖరి నెంబరుకీ ఉన్న తేడాయే అమ్మిన టిక్కెట్లు. దాన్ని రేటుతో హెచ్చించి, పన్ను తీసి, మిగిలిన నెట్టు చూపిస్తూ రాసేదే డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. పంపిణీదారు తరఫున వచ్చే రిప్రజెంటేటివ్ అది చూసి, హాల్లో తలలు లెక్కపెట్టి, సంతకం పెడతాడు. మీరు పేపర్లో చదివే మొదటిరోజు వసూళ్లు, వారం వసూళ్లు అన్నీ ఈ కాగితం మీద మొదలైనవే. వినోదపు పన్ను ఉన్న రోజుల్లో టిక్కెట్టు పుస్తకాల మీద పన్నుల శాఖ ముద్ర పడితే గాని అమ్మడానికి వీల్లేదు. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, టిక్కెట్టు ప్రింటవుతుంది. లెక్క మాత్రం అదే. పది రూపాయలు తక్కువొచ్చినా, చిరిగిన నోటు తీసుకున్నా, దొంగనోటు పట్టుకోలేకపోయినా ఆ నష్టం నా జీతంలోంచే పోతుంది. రద్దీలో నాలుగు చేతులు ఒకేసారి కంతలోకి వస్తాయి. ఏ చెయ్యి ఎంత ఇచ్చింది, ఏ చేతికి ఎన్ని ఇవ్వాలి, ఎంత తిరిగివ్వాలి అన్నది మొహాలు చూడకుండా గుర్తుపెట్టుకోవాలి. కంతలోంచి మొహాలు కనబడవు కదండీ, చేతులే కనబడతాయి.

ఆ చేతులు ఎవరివో చెప్పడానికే ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

నాట్లు అయిపోయాక ఆడకూలీలు అయిదారుగురు కలిసి మ్యాట్నీకి వస్తారు. డబ్బంతా ఒకావిడ కొంగున ముడేసి ఉంటుంది. ఆవిడే లెక్కపెట్టి ఇస్తుంది. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే కుర్రాళ్లు రెండో ఆటకు వస్తారు. తాపీ పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఆదివారం పూట వస్తారు. వాళ్లకి మన భాష రాదు, వేళ్లతో ఎన్నో చూపిస్తారు. ఉన్నట్టుండి వానపడి పని ఆగిపోయినరోజు మార్నింగ్ షోకి జనం బాగా వస్తారు. పొద్దున్న లేచినప్పుడు వాళ్లలో ఒక్కరికీ సినిమాకి వెళ్తామని తెలియదు. చేతిలో కూలి డబ్బు ఉన్నరోజున, తీరిక దొరికిన గంటలో సినిమా చూస్తారు. మూడు రోజుల ముందు సీటు ఎంచుకుని పెట్టుకునే బతుకులు కావు వాళ్లవి.

పెద్దవయసు వాళ్లు వచ్చి, "మెట్లెక్కలేనమ్మా, కింద ఇయ్యి" అంటారు. చంటిపిల్ల తల్లి గుమ్మం పక్క సీటు అడుగుతుంది, పిల్ల ఏడిస్తే బయటికి తీసుకెళ్లొచ్చని. సినిమాలో నరుక్కోవడాలు ఎక్కువా, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఒకసారి చెప్పింది నిజమైతే మళ్లీ నా మాట నమ్మి వస్తారు. ఈ పని ఫోను తెర మీద జరగదు. అక్కడ సీట్ల బొమ్మ ఉంటుంది. ఏ సీటు దగ్గర ఫ్యాను గాలి తగులుతుందో, ఏ వరసలో స్తంభం అడ్డొస్తుందో ఆ బొమ్మలో ఉండదు.

ఆన్‌లైన్‌ని నేను కాదనను. ఊరు దాటి వచ్చేవాళ్లకీ, ఉద్యోగస్తులకీ అది పెద్ద సౌకర్యం. లైన్లలో నలిగిపోయే రోజులు పోవడం మంచిదే. ఇనప కటకటాల మధ్య ఒకరి మీద ఒకరు ఎక్కి, చొక్కాలు చిరిగి, చేతులు గీరుకుపోయి వచ్చి టిక్కెట్టు అందుకున్న కుర్రాళ్లను చూసినదాన్ని. ఆ కష్టం ఎవరికీ మళ్లీ రాకూడదు. నా బాధ మరోటి. ఇవాళ పెద్ద సినిమా వస్తే మొదటి మూడు నాలుగు రోజులు నేను కిటికీ తెరిచేసరికి నా దగ్గర అమ్మడానికి టిక్కెట్టే ఉండదు. కింది క్లాసు కూడా యాప్‌లో అయిపోతుంది. అయిపోయినట్టు చూపించినవాటిలో కొన్ని నిజంగా అమ్ముడైనవి కావు, పక్కన పెట్టించినవి. అభిమాన సంఘాలకు ఒక కట్ట వెళుతుంది. ఫలానా ఆఫీసు నుంచి సారు అడిగారంటూ ఫోన్లు వస్తాయి. కరెంటు వాళ్లవీ, స్టేషన్ వాళ్లవీ, ఇంకా చాలా ఆఫీసులవీ. కాదంటే హాలు నడవదని యజమానికి తెలుసు, నాకూ తెలుసు. చివరికి కూలి డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే: "ఆన్‌లైన్‌లో అయిపోయాయండీ." వాళ్లు అరగంటలో రోడ్డు అవతల అదే టిక్కెట్టు రెట్టింపుకి కొనుక్కుని నా ముందు నుంచే లోపలికి వెళతారు. వెళుతూ నావంక చూసే చూపు ఒకటుంటుంది. ఆ దొంగ వ్యాపారంలో నాకూ వాటా ఉందని వాళ్ల నమ్మకం. ఆ చూపు భరించడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం.

టిక్కెట్ల అమ్మకం పారదర్శకంగా ఉండాలని గత ప్రభుత్వం 2021లో సినిమా నియంత్రణ చట్టాన్ని సవరించింది. 2022 జూన్‌లో ప్రభుత్వ సంస్థ ద్వారానే ఆన్‌లైన్ అమ్మకాలని జీవో 69 ఇచ్చింది. హైకోర్టు జులై 1న దాన్ని నిలిపివేసింది. ఆ గొడవలో ఎక్కువ భాగం టిక్కెట్ల డబ్బు ఎవరి ఖాతాలోకి ముందు వెళ్లాలన్న దాని మీదే జరిగింది. ఫోను లేనివాడు, ఉన్నా అందులో డబ్బు కట్టడం రానివాడు టిక్కెట్టు ఎలా కొనుక్కుంటాడన్న ప్రశ్న ఏ వైపు నుంచీ నాకు గట్టిగా వినపడలేదు.

ఇక రేట్లు. ఇది మీ ప్రభుత్వం చేతిలో ఉన్న పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2021 ఏప్రిల్ 8న జీవో 35 వచ్చింది. మర్నాడే 'వకీల్ సాబ్' విడుదల. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లకు కింది టిక్కెట్టు 5 రూపాయలని అందులో రాశారు. ఆ రేటుతో హాలు నడవదని యజమానులు గోలపెట్టారు, అది నిజం కూడా. నేను చెప్పేది ఆ రేటు గురించి కాదు, ఆ రాత్రి గురించి. ఒక రేటు అనుకుని జనానికి చెప్పాం. తెల్లారేసరికి మరో రేటు. ఉత్తర్వు ఏం చెప్పిందో యజమానికి పూర్తిగా తెలియదు, నాకు అసలే తెలియదు. కిటికీ ముందు నిలబడ్డవాళ్లు టీవీలో చూసి వచ్చారు, నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రభుత్వాలు మారాయి, రేట్లు మారాయి. ఉత్తర్వు ఆఖరి నిమిషంలో రావడం మాత్రం మారలేదు.

జీవో 13 వచ్చాక మా లాంటి మునిసిపాలిటీ ఏసీ హాలుకి నాన్ ప్రీమియం 60, ప్రీమియం 80 అయ్యాయి, పన్ను అదనం. న్యాయమైన రేట్లే. హాలు నడిచింది, జనమూ గొణగలేదు. దాని మీద పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా పెంపు ఉత్తర్వు వస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టిక్కెట్టు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పేదవాడి టిక్కెట్టుకి దేశం మొత్తం మీద వచ్చిన మంచి వార్త అది. సరిగ్గా మూడు రోజులకి, సెప్టెంబర్ 25న 'ఓజీ' విడుదలైంది. దాని ప్రత్యేక ప్రదర్శనకి టిక్కెట్టు 1000 రూపాయల దాకా అమ్ముకోవచ్చని, ఆ తర్వాత సింగిల్ స్క్రీన్లలో ఉన్న రేటు మీద 125 రూపాయల దాకా పెంచుకోవచ్చని మన ప్రభుత్వం అనుమతించింది. ఆ లెక్కన 60 రూపాయల క్లాసు 185 అవుతుంది. 100 దాటింది కాబట్టి అది 18 శాతం పన్ను గీతలోకి పోయింది. ఢిల్లీలో తగ్గించిన పన్ను మా ఊళ్లో కింది క్లాసు వాడికి అందాల్సిన వారంలోనే అందకుండా పోయింది. 80 రూపాయల టిక్కెట్టు మీద పన్ను 4 రూపాయలు. అదే టిక్కెట్టు ధర 155 చేస్తే పన్ను దాదాపు 28 రూపాయలు. పెంచిన ప్రతిసారీ నిర్మాతకి వెళ్లేదెంత, పన్నుకి వెళ్లేదెంత అని మీ అధికారులు ఒక్కసారి వేసి చూస్తే, కింది క్లాసు పెంచడం వల్ల నిర్మాతకి కూడా అనుకున్నంత లాభం లేదని తెలుస్తుంది.

ఆ సినిమా ఎవరిదన్నది నాకు ముఖ్యం కాదు, అన్ని పెద్ద సినిమాలకీ ఇదే జరుగుతోంది. తేడా పాటించిన ఉత్తర్వులూ ఉన్నాయి. 2024లో 'దేవర'కి సింగిల్ స్క్రీన్లలో పై క్లాసుకి 110, కింది క్లాసుకి 60 పెంపు ఇచ్చారు. అంటే కింది క్లాసుని వేరుగా చూడాలన్న ఆలోచన మీ ప్రభుత్వంలో ఉంది. దాన్ని ఇంకొక్క మెట్టు దించి, పెంపే లేకుండా చెయ్యండి. వందల కోట్లు పెట్టి తీసినవాళ్లకి మిగతా డెబ్భై అయిదు శాతం సీట్లు ఉన్నాయి, మల్టీప్లెక్సులు ఉన్నాయి, హైదరాబాద్ ఉంది, అమెరికా ఉంది. రేటు పెంచుకోవద్దని వాళ్లని నేను అనను. పన్నుతో కలిపి 63 రూపాయలయ్యే కింది క్లాసు టిక్కెట్టుని వాళ్ల లెక్కలోంచి తీసెయ్యమంటున్నాను.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

బుకింగ్‌లో అమ్మితే లెక్కలు దాస్తారని డిస్ట్రిబ్యూటర్లు అంటారు. అలా జరిగిన రోజులున్నాయి, అవి అందరికీ తెలిసినవే. ఇప్పుడు బుకింగ్‌లో ఇచ్చే టిక్కెట్టు కూడా కంప్యూటర్లోంచే వస్తోంది. అదే లెక్క అదే నిమిషంలో డిస్ట్రిబ్యూటర్‌కి కనబడేటట్టు చెయ్యడం పెద్ద పనేం కాదు.

కిటికీ దగ్గర అమ్మితే బ్లాకు పెరుగుతుందంటారు. దీనికి మందు మన పాత హాళ్లలోనే ఉండేది. నేల క్లాసు లైను కటకటాల్లోంచి నేరుగా హాల్లోకే తెరుచుకునేది. టిక్కెట్టు కొన్నవాడు కొన్నట్టే లోపలికి పోవాలి, బయటికి వచ్చే దారి లేదు. దారి లేదు కాబట్టి నేల టిక్కెట్టుని అవతలికి తెచ్చి బ్లాకులో అమ్మడం కుదిరేది కాదు. ఇప్పుడు కటకటాలు అక్కర్లేదు. ఆటకి అరగంట ముందు అమ్మకం మొదలుపెట్టి, మనిషికి నాలుగుకి మించకుండా ఇచ్చి, తీసుకున్నవాళ్లని వరసనే గేటు లోపలికి పంపితే చాలు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. మామూలు సినిమాలకి మేం ఇప్పటికీ ఇలాగే చేస్తున్నాం.

మూడోది రద్దీ. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, పసివాడు ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు. ఆ వార్త చదివిన మర్నాడు నేను కిటికీలో కూర్చోవడానికి భయపడ్డాను. అలాంటి రాత్రులకి బుకింగ్ పెట్టమని నేను అడగను. అర్ధరాత్రి ఆటలు, తెల్లవారుజాము ఆటలు కాకుండా, మామూలు నాలుగు ఆటలకే నా కోరిక. అయితే ఒక్క సంగతి గమనించండి. టిక్కెట్లు అన్నీ ఆన్‌లైన్‌లో అయిపోయినా టిక్కెట్టు లేని జనం హాలు దగ్గరకి రావడం మానలేదు. దొరకదని తెలిసీ గేటు దగ్గర గుమిగూడతారు, ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుందని. కిటికీ తెరిచి ఉంటే వాళ్లు ఒక వరసలో నిలబడతారు, ఎన్ని టిక్కెట్లున్నాయో బోర్డు మీద రాస్తే చూసుకుంటారు, అయిపోతే ఇంటికి వెళతారు. గుంపుని వరస చేసేది కిటికీయే.

నా తోటి పనివాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే వాళ్లకి అన్యాయం చేసినదాన్నవుతాను. గేటు కీపర్లు, ఆపరేటర్లు, ఊడ్చేవాళ్లు, సైకిల్ స్టాండు వాళ్లు. చాలామందికి నియామకపు కాగితం లేదు. 2020 మార్చిలో హాళ్లు మూతపడ్డప్పుడు ఆ ఏడాది చివరిదాకా మా పట్నంలో తెర వెలగలేదు, ఆ నెలల్లో జీతం అడగడానికి మా దగ్గర ఏ కాగితమూ లేదు. 1981లో పార్లమెంటు చేసిన చట్టం, అయిదుగురు పనివాళ్లున్న సినిమా హాలుకి కూడా పీఎఫ్, గ్రాట్యుటీ వర్తిస్తాయని చెప్పింది. అది అమలైన హాళ్లు నాకు తెలిసినంతలో తక్కువ. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చి పాత చట్టాల స్థానంలో నిలిచాయి. చిన్న హాలు పనివాడికి కాగితం మీద ఉన్న ఆ కాస్త రక్షణ ఈ మార్పులో జారిపోకుండా కార్మిక శాఖ మంత్రి గారితో మీరు మాట్లాడాలి. హాలు లైసెన్సు కోసం బి ఫారం రెన్యువల్ చేసేటప్పుడు మంటలార్పే సామాను, కరెంటు వైర్లు, భవనం గట్టిదనం అన్నీ చూస్తారు. పనివాళ్ల పేర్ల జాబితా, వాళ్ల పీఎఫ్ నెంబర్లు కూడా అప్పుడే చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. బుకింగ్ కిటికీ రోజూ తెరుస్తున్నారా అన్నది కూడా ఆ జాబితాలోనే చేర్చొచ్చు.

హాళ్లు మూతపడి కల్యాణ మండపాలూ గోడౌన్లూ అవుతున్నాయి. జనం రావడం లేదని, అందరూ ఫోనులోనే చూస్తున్నారని పెద్దలు సభల్లో చెబుతున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నది వేరు. జనం వస్తున్నారు. వచ్చినవాళ్లకి మొదటి వారం టిక్కెట్టు దొరకడం లేదు, దొరికినా అందుకోలేని రేటు ఉంటోంది. రెండో వారం రేటు తగ్గేసరికి సినిమా బాగాలేదన్న మాట ఊరంతా పాకిపోయి ఉంటుంది, బాగున్న సినిమా అయితే నెల తిరక్కుండా ఫోనులోకి వచ్చేస్తుందని తెలిసిపోయి ఉంటుంది. రెండుమూడుసార్లు ఇలా తిరిగి వెళ్లిన కుటుంబం నాలుగోసారి రాదు. 1921లో విజయవాడలో మారుతీ టాకీస్ కట్టిన నాటి నుంచి మన దగ్గర సినిమాని మోసింది కింది క్లాసు ప్రేక్షకుడే. నూరు రోజుల షీల్డులు మా హాలు ఆఫీసు గదిలో ఇంకా వరసగా ఉన్నాయి. ఆ నూరు రోజులూ మళ్లీ మళ్లీ వచ్చి చూసినవాళ్లు ఎవరో ఆనాటి డీసీఆర్‌లు తిరగేస్తే తెలుస్తుంది: బాల్కనీ సగం ఖాళీగా ఉన్న ఆటకి కూడా నేల నిండే ఉండేది.

మీరు గోదావరి జిల్లా మనిషి. ఆ జిల్లాల జనానికి సినిమా అంటే ఎంత ప్రాణమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వచ్చే సంక్రాంతి సినిమాలకి పెంపు ఉత్తర్వు ఇచ్చే ముందు, "నాన్ ప్రీమియం సీట్లకు ఈ పెంపు వర్తించదు, వాటిని ఆట రోజున థియేటర్ బుకింగ్‌లో మాత్రమే అమ్మాలి" అన్న వాక్యం అందులో చేర్పించండి. ఉత్తర్వు విడుదలకి కనీసం మూడు రోజుల ముందు మా హాళ్లకి చేరేటట్టు చూడండి.

ఇట్లు,
కృష్ణా జిల్లా నుంచి
ఒక బుకింగ్ క్లర్కు